హాబీ ఎవరి కోసం?

హాబీ అనే మాటకు తెలుగులో సరైన మాట ఏమిటని అడిగితే ఒక లెక్చరర్ గారు కాసేపు ఆలోచించి 'వ్యాపకం' అన్నారు. మరొకరు 'అభిరుచి' అన్నారు. మా క్లాసు కుర్రాడొకడు 'టైంపాస్' అని తేల్చేశాడు. మా వూళ్ళో అడిగితే అంత ఆలోచన కూడా అక్కరలేదు, 'పనిలేని వాళ్ళ పని' అని ఠకీమని జవాబు వస్తుంది. అన్నిటికంటె విచిత్రమైన జవాబు మన బయోడేటాల్లో వుంటుంది. 'హాబీస్' అని రాసి పక్కన రెండు చుక్కలు పెట్టి, 'పుస్తకాలు చదువుట, సంగీతం వినుట' అని అందరం ఒకే రకంగా నింపేస్తాం. ఆ తర్వాత ఇంటర్వ్యూలో కూర్చున్నవారు ఏ పుస్తకం చదివావని అడక్కుండా వుంటే చాలునని దేవుడికి దండం పెట్టుకుంటాం.

అంటే ఏమిటన్నమాట? మన దృష్టిలో హాబీ అనేది ఎవరికో చూపించడానికి దగ్గర వుంచుకోవలసిన వస్తువు. అసలు హాబీ ఎవరి కోసం? పెళ్ళివారి కోసమా, మార్కుల కోసమా, డబ్బు కోసమా, లేక ఆ పని చేసే మనిషి కోసమా? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. దేశంలో ఇన్ని సమస్యలు వుండగా ఈ చిన్న విషయం ఎందుకని కొందరు మిత్రులు అనవచ్చు. చిన్న విషయమే, ఒప్పుకుంటాను. కాని రోజులో ఒక్క గంటయినా మన సొంతమా కాదా అన్న సంగతి ఇందులో వుంది. ఆ సంగతి మాత్రం, ముఖ్యంగా ఆడపిల్లలకు, చిన్నదేమీ కాదు.

నా హాబీ క్రాస్ స్టిచ్. తెలియనివారికి, అందులోనూ మగపిల్లలకు, కాస్త వివరంగా చెప్పాలి. నిలువు పోగులూ అడ్డం పోగులూ లెక్కకు అందేలా నేసిన గుడ్డ ఒకటి వుంటుంది. మన దుకాణాల్లో దాన్ని మ్యాటీ గుడ్డ అంటారు. అంతకంటె నాణ్యమైన రకానికి ఐడా గుడ్డ అని పేరు. దగ్గరగా చూస్తే గ్రాఫు కాగితంలాగా గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఒక్కొక్క గడిలో ఐమూలగా ఒక కుట్టు, దానిమీద ఎదురు ఐమూలగా ఇంకో కుట్టు వేస్తే ఇంటూ గుర్తు తయారవుతుంది. మొత్తం విద్య ఇంతే! అంగుళానికి 14 గళ్ళున్న గుడ్డను ఎక్కువగా వాడతారు. అంటే చదరపు అంగుళానికి 196 ఇంటూలు. అరచేయంత చిలకను కుట్టాలంటే రెండు మూడు వేల ఇంటూలు పడతాయి. దారంలో ఆరు పోగులుంటాయి. అందులో రెండు విడదీసి సూదికి ఎక్కించాలి. పైన పడే కుట్టు గుడ్డ మొత్తంమీద ఒకే దిక్కుకు వాలి వుండాలి. ఒక్కటి ఎదురు తిరిగినా వెలుగు పడినప్పుడు ఆ గడి వేరుగా మెరిసి పట్టిచ్చేస్తుంది.

బొమ్మ గుడ్డమీద ముందుగా గీసి వుండదు. పక్కన కాగితంమీద వున్న గళ్ళ పటాన్ని చూసి లెక్కపెట్టుకుంటూ కుట్టాలి. 'ఎడమనుంచి ఇరవై మూడో గడి, పైనుంచి పదకొండో గడి, ముదురాకుపచ్చ.' లెక్కల క్లాసులో మనం నేర్చుకున్న ఎక్స్, వై నిరూపకాలు ఇవే కదా! ఒక గడి తప్పు లెక్కపెడితే ఆ తప్పు అక్కడితో ఆగదు, తర్వాతి వరుసలన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి. లాబులో జీరో ఎర్రర్ సంగతి చూసుకోకుండా రీడింగులు తీసుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో వరి పండించే ఇల్లు. వరసల్లో నాట్లు వేసేటప్పుడు వరసకూ వరసకూ మధ్య 20 సెంటీమీటర్లు, కుదురుకూ కుదురుకూ మధ్య 15 సెంటీమీటర్లు వుండాలని వ్యవసాయశాఖ వారు చెబుతారు. లెక్క వేస్తే చదరపు మీటరుకు 33 కుదుళ్ళు. తాడు పట్టి, నడుం వంచి, ఆ లెక్క తప్పకుండా రోజంతా నాటే చేతులు మా వూళ్ళో చాలా వున్నాయి. ఒకరోజు మా అమ్మ నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఇది మన ఊడుపే కదే, బురద లేదంతే" అంది. క్రాస్ స్టిచ్‌కి అంతకంటె మంచి నిర్వచనం నేను ఎక్కడా చదవలేదు.

ఈ కుట్టు తెల్లవాళ్ళ దగ్గరనుంచి వచ్చిన ఫ్యాషననుకునేవారు కొందరున్నారు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టక్ అనే ఆమె రకరకాల కుట్లతో కుట్టి 1598 అని తేదీ వేసిన నమూనా గుడ్డ వున్నమాట నిజమే. తేదీ వేసివున్న ఆంగ్ల నమూనాల్లో అదే పాతది. అయితే పాలస్తీనా స్త్రీలు తమ దుస్తులమీద తరతరాలుగా కుడుతున్నది కూడా ఎక్కువగా ఈ ఇంటూ కుట్టే. 'తత్రీజ్' అని పిలిచే ఆ కళను 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంత దూరం ఎందుకు, మన పొరుగున ధార్వాడ ప్రాంతంలో కసూతి వుంది. అక్కడి ఆడవాళ్ళు ఇలకల్ చీరమీద బొమ్మ గీయకుండా, పోగులు లెక్కపెట్టుకుంటూ గోపురాలూ, రథాలూ, ఏనుగులూ కుడతారు. అందులో నాలుగు రకాల కుట్లున్నాయి: గవంతి, ముర్గి, నేగి, మెంతి. మెంతి అంటే మన ఇంటూ కుట్టే! పోపులపెట్టెలోని మెంతిగింజ పేరు పెట్టుకున్న కుట్టును పరాయిదని ఎలా అంటాం?

సరే, ఇంత మంచి పని మన చేతుల్లోంచి ఎలా జారిపోతుంది? నా అనుభవంలో దాన్ని లాక్కునేవారు ముగ్గురు. మొదటివారు పెళ్ళివారు.

ఏడో తరగతి వేసవి సెలవుల్లో మా పిన్ని నాకు ఈ కుట్టు నేర్పింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పురివిప్పిన నెమలిని కుట్టాను. నాన్న ముచ్చటపడి టౌనుకు తీసుకువెళ్ళి అద్దం కట్టించారు. అది మా ముందుగదిలో ఎన్నాళ్ళో వుండలేదు. మా పెద్దమ్మ కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఒకనాడు పెద్దమ్మ వచ్చి నెమలిని పాత చీరలో చుట్టి పట్టుకుపోయింది. పెళ్ళిచూపులవాళ్ళు కాఫీ తాగుతూ గోడవైపు చూడగానే, "మా అమ్మాయే కుట్టిందండీ" అని చెప్పడం. మా అక్కకు సూదిలో దారం ఎక్కించడమంటేనే చిరాకు. ఆమెకు నిజంగా వచ్చిన విద్య ట్రాక్టరు నడపడం. దమ్ము చేసేటప్పుడు ఆమె గట్టు తగలకుండా మడి మూల తిప్పే తీరు చూసి మా వూరి మగాళ్ళే మెచ్చుకుంటారు. ఆ విద్య సంగతి మాత్రం పెళ్ళివారి ముందు ఎవరూ ఎత్తలేదు! నా నెమలి మూడు పెళ్ళిచూపులకు హాజరై, మూడోచోట సంబంధం కుదిర్చి ఇంటికి వచ్చింది.

ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. కాని ఆ రోజు పెద్దమ్మ నాతో, "నీ మటుకు నువ్వు ఇంకో నాలుగు కుట్టి దాచుకోవే, నీ వేళకు పనికొస్తాయి" అంది. ఆమె మంచికే అంది. అయినా ఆ మాట విన్న తర్వాత సూది పట్టుకున్నప్పుడల్లా నాకు ఎదురుగా ఎవరో కాఫీ తాగుతూ కూర్చున్నట్టే వుండేది. అదివరకు నెమలి మెడకు ఏ నీలం బాగుంటుందా అని చూసేదాన్ని. ఆ తర్వాత చూసేవాళ్ళకు ఏది బాగుంటుందా అని చూడడం మొదలైంది. చెల్లెళ్ళారా, ఈ తేడా మీలో చాలామందికి నేను చెప్పకుండానే తెలుసు. పాటయినా, వీణయినా, ముగ్గయినా మనకు నేర్పించేవారు ప్రేమతోనే నేర్పిస్తారు. కాని నేర్చుకున్నది మనదగ్గర వుండనివ్వరు, మన విలువలో కలిపి లెక్కవేసేస్తారు.

రెండోవారు మార్కులవారు. ఇంటర్మీడియెట్‌కు నన్ను ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వేశారు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్లు రాత్రి పదిన్నరకు ముగిసేవి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ. బట్టలు వుతుక్కోవడం, తల రుద్దుకోవడం, ఇంటికి ఫోను చేయడం అన్నీ అందులోనే. నా పెట్టెలో రింగూ, సూదులూ, దారాలూ చూసి వార్డెను, "ఇవి ర్యాంకు తెస్తాయా?" అని తీసుకుపోయారు. ఏడాది చివర్లో నాన్న రిజిస్టర్లో సంతకం పెడితే గాని తిరిగి రాలేదు. దొంగసొత్తు విడిపించుకున్నట్టు విడిపించుకున్నాం. అంతే, ఆ తర్వాత డిగ్రీ రెండో ఏడు వరకు నేను ఆ సంచి విప్పలేదు. మా గదిలో ఒకమ్మాయి బొమ్మలు గీసేది, ఒకమ్మాయి హరికథలు చెప్పేది. రెండేళ్ళకు మాకు ముగ్గురికీ ర్యాంకులు వచ్చాయి. అవి ఎవరివి ఎంతో ఇప్పుడు ఎవరూ అడగరు. బొమ్మలు గీసే అమ్మాయి ఇప్పుడు గీస్తున్నదా లేదా అని కూడా ఎవరూ అడగరు.

మూడోవారు బజారువారు. "అమ్మితే ఎంతొస్తుంది?" అనే వాళ్ళు. వీరిని నేను తీసిపారేయను. రైతు బిడ్డను, డబ్బు విలువ తెలుసు. పైగా మా ప్రాంతంలో చేతిపనికీ డబ్బుకూ వున్న చరిత్ర పెద్దది. నర్సాపురం లేసు సంగతి చాలామంది వినే వుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. వ్యవసాయ కుటుంబాల ఆడవాళ్ళు మధ్యాహ్నం వంట ముగించి వసారాలో కూర్చుని కొక్కెం సూదితో అల్లేవారు. ఏజెంటు దారం ఇచ్చి, తయారైన లేసు పట్టుకుపోయేవాడు. అక్కడినుంచి ఓడలెక్కి విదేశాలకు పోయేది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు అల్లేవారి మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రకటించారు. ఆమె తేల్చిన విషయం ఏమిటంటే, ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. వాళ్ళు 'ఇంటిపట్టున వుండే గృహిణులు', వాళ్ళు చేసేది 'తీరిక వేళ పని'. తీరిక పనికి కూలి ఎంత ఇస్తే మాత్రం ఏం? అందుకే కనీస కూలికంటె ఎంతో తక్కువ చేతిలో పెట్టారు, లాభం వ్యాపారం చేసిన మగవారికి దక్కింది. మా నాయనమ్మ కూడా లేసు అల్లినదే. కళ్ళజోడు వచ్చేదాకా అల్లింది. తనకోసం ఒక్క జాకెట్టు అంచుకయినా అల్లుకున్నావా నాయనమ్మా అంటే, "దారం లెక్క చెప్పొద్దూ?" అంటుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. డబ్బు కోసం చేసే పనిని పని అనే పిలవాలి, దానికి పూర్తి కూలి ఇవ్వాలి. దాన్ని హాబీ అని, తీరిక అని, సరదా అని పిలిచి కూలి తగ్గించడం అన్యాయం. అలాగే మనసుకోసం చేసే పనిని దానిపాటికి వదిలేయాలి, దాని మెడకు ధర కాగితం కట్టకూడదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడల్లా నష్టపోయినవాళ్ళు ఆడవాళ్ళే.

ఈ ఆలోచనలు నాకు వున్నట్టుండి రాలేదు. గత చలికాలం మన జిల్లా కేంద్రంలో రెండు రోజులపాటు హాబీల మేళా ఒకటి జరిగింది. నా స్నేహితురాలు తపాలాబిళ్ళలు సేకరిస్తుంది, ఆమెకు తోడుగా వెళ్ళాను. ఒక కల్యాణమండపం నిండా బల్లలు వేశారు. నాణేలు, అగ్గిపెట్టె లేబుళ్ళు, బోన్సాయ్ మొక్కలు, కాగితం మడతల బొమ్మలు, పక్షుల ఫోటోలు, హామ్ రేడియో. ఒక మూల బల్లచుట్టూ పదిమంది కూర్చుని క్రాస్ స్టిచ్ చేస్తున్నారు. వారిలో ఇద్దరు మగవారు. ఒకాయన రైలింజను నడిపి రిటైరైన పెద్దమనిషి, కళ్ళజోడుమీద ఇంకో భూతద్దం తగిలించుకుని జెండా వూపుతున్న గార్డు బొమ్మ కుడుతున్నారు. నేను వంగి చూస్తుంటే గుడ్డను తిరగేసి వెనకవైపు చూపించారు. ముడి ఒక్కటి లేదు, పోగులన్నీ నిలువుగా వానచినుకుల్లా పడివున్నాయి. కుట్టు తెలిసినవారు మొదట చూసేది వెనకవైపే. అద్దం కట్టాక పెళ్ళివారికి ఎన్నడూ కనిపించనిది కూడా అదే.

అక్కడ కూర్చున్న రెండు గంటల్లో నన్ను ఎవరూ ఎందుకు కుడతావని అడగలేదు, అమ్ముతావా అని అడగలేదు. "నువ్వు రెండు పోగులు వాడతావా, మూడా?" అని అడిగారు. "మొదలు మధ్యలోంచా, మూలనుంచా?" అని అడిగారు. ఏళ్ళ తరబడి మూతపడిన గదికి కిటికీ తెరిచినట్టయింది. వచ్చేటప్పుడు అరమీటరు గుడ్డ, ఆరు రంగుల దారాలు కొనుక్కుని బస్సెక్కాను. ఇప్పటికి పాతిక వరుసలు అయ్యాయి. బొమ్మ ఏమిటంటారా? ట్రాక్టరు. మా అక్క కోసం.

మేళాలో మా బల్ల పక్కనే హామ్ రేడియో బల్ల వుంది. మోర్స్ మీట టిక్కు టిక్కుమని కొడుతున్న ఆయన మా వైపు తిరిగి ఒక కథ చెప్పారు. ఇంటికి వచ్చి చదివి చూస్తే అక్షరాలా నిజం. అలెక్సిస్ కాస్డాగ్లి అనే బ్రిటిష్ మేజరు 1941లో క్రీటు దీవిలో జర్మన్లకు చిక్కాడు. యుద్ధఖైదీగా వుంటూ దొరికిన గుడ్డముక్కమీద, దొరికిన దారాలతో క్రాస్ స్టిచ్ మొదలుపెట్టాడు. తన పేరు, డిసెంబరు 1941 అని తేదీ, చుట్టూ అందమైన అంచు. జర్మన్ అధికారులకు అది నచ్చి శిబిరాల్లో ప్రదర్శనకు కూడా పెట్టారట. ఆ అంచులోని చుక్కలూ గీతలూ మోర్స్ కోడు! రాజును దేవుడు రక్షించుగాక అని ఒక వరుస, హిట్లరును ఇక్కడ అచ్చు వేయడానికి వీల్లేని బూతుమాట తిడుతూ ఇంకో వరుస. పహరావాడి కళ్ళముందే కుట్టి, వాడిచేతనే గోడకు తగిలింపించాడు.

మా హాస్టలు మిత్రులు కొందరు కుట్టుపని ఆడంగి పని అంటారు, వారికోసం ఈ కథ చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులు నూరుమందికి పైగా కలిసి లండను సెయింట్ పాల్స్ చర్చి పూజావేదికకు తెర కుట్టారు, అది 1919లో అక్కడ అలంకరించారు. మన బజార్లో మగ్గం వర్కు చేసే వారిలో చాలామంది మగవారే, టైలర్ల మాట సరేసరి. మగవాడు కూలికి కుడితే ఎవరికీ అభ్యంతరం లేదు. సరదాకు కుడితేనే నవ్వు వస్తుంది. అంటే అబ్బాయిలకూ ఈ దేశంలో హాబీ స్వేచ్ఛ పూర్తిగా లేదన్నమాట.

సైన్సు విద్యార్థులం కనుక 'ఉపయోగం ఏమిటి' అనే ప్రశ్న మనల్ని వదలదు. ఉపయోగం చూపించమంటే చూపించగలను. జ్యామితిలో హైపర్బోలిక్ తలం అని ఒకటి వుంది. ఒక సరళరేఖకు బయటి బిందువునుంచి ఎన్నయినా సమాంతర రేఖలు గీయగల తలం అది. దాన్ని చేత్తో పట్టుకుని చూడడానికి కాగితంతో నమూనాలు చేస్తే చిరిగిపోయేవి. డైనా టైమిన అనే లాట్వియా గణితశాస్త్రవేత్త 1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వుండగా కొక్కెం సూదితో ఆ తలాన్ని అల్లేశారు. ప్రతి వరుసకూ ఒకే నిష్పత్తిలో అల్లికలు పెంచుకుంటూ పోతే గుడ్డ దానంతటది ముడతలు తిరిగి ఆ ఆకారం వస్తుంది. మా నాయనమ్మ లేసు అంచుకు కుచ్చు రావాలంటే చేసే పనీ అదే! కాకపోతే ఆమె చేతిలో వున్నది జ్యామితి అని ఆమెకు చెప్పినవారు లేరు.

అయితే ఈ ఉదాహరణతో హాబీకి ఉద్యోగం ఇప్పించాలని నా ఉద్దేశం కాదు. టైమిన అల్లిక గణితానికి పనికిరాకపోయినా అల్లిక అల్లికే. హాబీ గొప్పదని రుజువు చేయడానికి మనం ఎప్పుడూ మరో గొప్పదాన్ని సాక్ష్యం పిలుస్తాం: ఏకాగ్రత పెరుగుతుంది, ఆరోగ్యం బాగుపడుతుంది, రెజ్యూమేలో బాగుంటుంది అని. ఇదంతా ఎదుటివాడి దగ్గర సంజాయిషీ చెప్పుకోవడమే. మా వూళ్ళో రామాలయం అరుగుమీద పులిజూదం గళ్ళు చెక్కి వున్నాయి. సాయంత్రమయితే మగవాళ్ళు అక్కడ చేరి చింతగింజలతో ఆడుకుంటారు. మా నాన్న కూడా ఆడతారు, బాగా ఆడతారు. ఆ ఆటవల్ల ఏమిటి లాభమని మా నాయనమ్మ కాలంనుంచి ఈనాటివరకు ఒక్కరూ అడిగినట్టు నేను వినలేదు. ఆ గంట ఆయన సొంతం. మంచిదే, పొలంలో పొద్దుటినుంచీ కష్టపడ్డ మనిషికి ఆ గంట వుండాలి. మరి అదే పొలంలో కలుపు తీసి, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, గేదెకు కుడితి పెట్టే మా అమ్మకు ఆ అరుగు ఏదీ?

మా అమ్మకు హాబీ ఏమిటని ఈ వ్యాసం రాసేముందు ఫోనులో అడిగాను. ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి, చిన్నప్పుడు రాత్రిళ్ళు నక్షత్రాలు లెక్కపెట్టేదాన్నని చెప్పింది. "మూడు పదులు దాటాక మా అమ్మ కేకేసేది" అంది. ఫిజిక్సు చదువుతున్న నేను ఇంతకాలం ఆమెను ఆ మాట అడిగింది లేదు, ఆమె చెప్పిందీ లేదు. మన ఇళ్ళలో ఎన్ని హాబీలు ఇలా కేక వేసినచోట ఆగిపోయాయో!

ఇక మన కాలేజీ సంగతికి వస్తాను. మనకు క్రికెట్టు కిట్టు వుంది, వ్యాసరచన పోటీలున్నాయి, వార్షికోత్సవం వుంది. వీటిలో ప్రతిదానికీ గెలుపూ ఓటమీ, కప్పూ సర్టిఫికెట్టూ వున్నాయి. గెలవాలన్న గొడవ లేకుండా నలుగురు కూర్చుని తమకు నచ్చిన పని చేసుకునే చోటు ఒక్కటీ లేదు. ఫోనుల్లో గుంపులున్నాయి కదా అంటారేమో. వున్నాయి, నేనూ కొన్ని బొమ్మల పటాలు వాటిలోంచే తీసుకున్నాను. కాని ఫోను గుడ్డను తిరగేసి వెనకవైపు చూపించదు. పక్కన కూర్చున్న మనిషి చూపిస్తాడు. మేళాలో నాకు దొరికింది దారం కాదు, దారం ఏ దుకాణంలోనయినా దొరుకుతుంది. దొరికింది అదే పిచ్చి వున్న మరో పదిమంది.

అందుకని విద్యార్థి సంఘం వారిని నేను కోరేది ఇది. మేడమీద పాత కుర్చీలు పడేసిన గదిని ఖాళీ చేయించండి. ఒక పొడుగు బల్ల, రెండు ట్యూబులైట్లు, తాళం పడే బీరువా ఒకటి చాలు. వచ్చే వార్షికోత్సవంలో శాలువాలూ మెమెంటోలూ కొన్ని తగ్గిస్తే ఆ ఖర్చు వెళ్ళిపోతుంది. వారంలో ఒకరోజు ఆఖరి పీరియడు దీనికి వదలమని ప్రిన్సిపాలుగారిని అడగండి. సాయంకాలం పెడితే బస్సులో వూళ్ళకు వెళ్ళేవారికి కుదరదు, ఆడపిల్లల హాస్టలు గేటు వేళకూ కుదరదు. కాలేజీ వేళల్లోనే వుండాలి. తపాలాబిళ్ళలవారూ, బొమ్మలవారూ, రేడియోలు విప్పి మళ్ళీ బిగించేవారూ, మిమిక్రీవారూ అందరూ ఆ బల్లదగ్గరే కూర్చోవచ్చు. లెక్చరర్లు కూడా రావాలి. మా కెమిస్ట్రీ డిపార్టుమెంటులో ఒకరు వేణువు వాయిస్తారని ల్యాబు అటెండరు చెబితే గాని మాకు తెలియలేదు.

షరతులు కొన్ని వున్నాయి. ఆ గదిలో పోటీ పెట్టకూడదు, సర్టిఫికెట్టు ఇవ్వకూడదు. క్రెడిట్లు కలపకూడదు. ముఖ్య అతిథి చేత ప్రారంభోత్సవం చేయించకూడదు. అబ్బాయిలకు ఒకవైపు, అమ్మాయిలకు ఒకవైపు అని గీత గీయకూడదు. అక్కడ తయారైనది ఏదీ ఎవరి పెళ్ళిచూపులకూ అరువు వెళ్ళకూడదు! ఈ చివరి షరతు మా పెద్దమ్మ చదివితే నొచ్చుకుంటుందేమో గాని, రాయకతప్పదు.

దీన్ని సంఘం వచ్చే సమావేశంలో చర్చకు పెడితే సంతోషిస్తాను. పెట్టకపోయినా నేను ఆగను. జూలైలో కాలేజీ తెరిచాక ప్రతి బుధవారం మధ్యాహ్న భోజనం తర్వాత లైబ్రరీ వెనక వేపచెట్టు కింద సిమెంటు బెంచీమీద సూదీ దారంతో కూర్చుని వుంటాను. ఎవరైనా రావచ్చు. గుడ్డ నేను ఇస్తాను, కళ్ళజోడు వున్నవాళ్ళు కళ్ళజోడు తెచ్చుకోవాలి.